కొండ అంచున పదకొండుమంది

మే నెల రెండో శనివారం పొద్దున్నే ఇద్వల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, బూట్లు కట్టుకోవాలి, పదింటికి రోన్వెన్ టీచరు వచ్చేలోగా ఒక పువ్వును దగ్గర్నుంచి చూసి రావాలి. పువ్వు ఉన్నది ఇంటికి ముప్పావు మైలు దూరంలో. తప్పిపోయే దారి కూడా కాదు, ఒకవైపు గోర్స్ అనే ముళ్ళపొదలు, ఇంకోవైపు సముద్రం. చిక్కల్లా ఆ సముద్రం నూట ముప్పై అడుగుల కింద ఉండటమే.

ఇద్వల్‌కి ఎత్తంటే భయం. మోన్ దీవిలో ముప్పై ఒక్క ఏళ్ళు రెండంతస్తుల బస్సు నడిపి, ఒక్కసారి కూడా పై అంతస్తు ఎక్కని మనిషి ఆయన. పైన ఎవరైనా గొడుగు మరిచిపోతే అది డిపోలో ఇంకెవరో దించేదాకా ఊళ్ళన్నీ తిరుగుతూనే ఉండేది. వాళ్ళ ఊరు పోర్త్ గారెగ్‌లో ఇద్వల్‌లు ముగ్గురున్నారు కాబట్టి పనిని బట్టి ఆయన్ని ఇద్వల్ బస్సు అని పిలిచేవారు. ఈ భయం సంగతి మాత్రం ఊళ్ళో ఎవరికీ తెలియదు. భార్య ఎనిడ్‌కి కూడా తెలియదని ఆయన గట్టి నమ్మకం.

అలాంటివాడు కొండ అంచు పూల జోలికి ఎందుకు వెళ్ళాడంటే, మామగారి వల్ల. ఆ ఊళ్ళో పూల సంఘం ఒకటుంది. తీరం వెంట పోయే కొండదారిని ముక్కలుగా పంచుకుని, ప్రతి మే నెలలో ఎవరి ముక్కలో పూసిన పూలను వాళ్ళు చూసి కాగితం నింపి ఇవ్వాలి. పీఠం రాయి అనే బండ దగ్గరున్న ముక్క ముప్పై ఏళ్ళు ఎనిడ్ తండ్రిది. ఆయన పోయేముందు తన భూతద్దాన్ని అల్లుడి చేతిలో పెట్టి, "ఈ ముక్క మనింట్లోనే ఉండాలి నాయనా" అన్నాడు. పక్కనే ఎనిడ్ కళ్ళు తుడుచుకుంటోంది. అలాంటి సమయంలో, నాకు కళ్ళు తిరుగుతాయి మామగారూ అని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి? ఆ ధైర్యమే ఉంటే కొండదారే నడిచేవాడు.

అందుకని ఆరేళ్ళుగా ఇద్వల్ ఒక ఉపాయం నడుపుతున్నాడు. పీఠం రాయికి ఎదురుగా, చిన్న అఖాతానికి ఇవతల ఒడ్డున, పారీ అనే గొర్రెల రైతు మేతపొలం ఉంది. అక్కడ నేల బల్లపరుపు. కంచె పై కర్రలో మోచేతులు ఆనించుకోవడానికి వీలుగా నున్నటి పల్లం కూడా ఒకటుంది. గొర్రెలు రుద్దుకుని రుద్దుకుని అరగదీశాయేమో అనుకుని, అక్కడ బైనాక్యులర్ ఆనించుకుని అవతలి కొండ మీది పూలను చూసేవాడు. ఏం చూస్తున్నావురా అని పారీ అడిగితే పక్షుల్ని అనేవాడు. సంఘం కాగితంలో 'ఎంత దూరం నుంచి చూశారు' అని ఒక గడి ఉంటుంది. అందులో ఆరేళ్ళూ 'రెండు అడుగులు' అని రాశాడు.

ఆ రెండు అడుగులే ఇప్పుడు మెడకు చుట్టుకున్నాయి. కిందటి మే నెలలో బైనాక్యులర్‌లో ఒక పసుపుపచ్చ పువ్వు కనిపించింది. రేకుల మొదట్లో గోధుమరంగు చుక్కలు. పుస్తకం తిరగేస్తే చుక్కల రాతిపువ్వు అని తేలింది. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నం పన్నెండుకల్లా రేకులు రాల్చేసుకునే పువ్వు. అంత అరుదైనదని అప్పుడు తెలియక రాసేశాడు. సంఘం నియమం ప్రకారం అరుదైన పువ్వు రాస్తే, మరుసటి ఏడాది రికార్డు పుస్తకం చూసేవాళ్ళు స్వయంగా వచ్చి కళ్ళారా చూడాలి. పువ్వు లేకపోతే ఆ మనిషి రాసినవన్నీ కొట్టేసి, దారి ముక్కను ఇంకొకరికిస్తారు. పువ్వుండి దాన్ని ఎవరైనా తొక్కితే అసలు సంఘంలోంచే తీసేస్తారు. ఆ రికార్డు పుస్తకం ఉన్నది రోన్వెన్ టీచరు దగ్గర. నలభై ఏళ్ళు బడి నడిపిన మనిషి, ఎదుటివాడు నోరు తెరవకముందే అబద్ధాన్ని పట్టేస్తుందని పేరు.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి?" అంది ఎనిడ్, రొట్టెకి వెన్న రాస్తూ.

"ఊరికే. టీచరు వచ్చేలోపల ఒకసారి దారి చూసొద్దామని."

"రోజూ నడిచే దారేగా, కొత్తగా చూసేదేముంది?" అని ఆయన మొహంలోకి చూసింది. "స్వెట్టర్ వేసుకెళ్ళు, గాలిగా ఉంది. తిరిగొచ్చాక బూట్లు వాకిట్లోనే విప్పు."

పీఠం రాయి దాకా వెళ్ళిన విధానం ఇద్వల్‌కి తర్వాత పూర్తిగా గుర్తు లేదు. మొదటి పావు మైలు నిలబడి నడిచాడు. తర్వాత వంగి నడిచాడు. ఎనిమిది గంటలకు పాకుతున్నాడు. పీఠం రాయి మలుపులో దారి ఒక బారెడు కంటే సన్నబడింది. కుడిచేతి కింద నేల లేదు, చేపల వాసన కొట్టే గాలి మాత్రం కింది నుంచి పైకి వస్తోంది. ఒక సముద్రపు కాకి ఆయన కంటే కిందగా ఎగురుతూ పోయింది. పక్షి వీపు చూడటం ఆయనకి జీవితంలో అదే మొదలు. కాళ్ళు చచ్చుబడ్డాయి. ఇద్వల్ బోర్లా పడిపోయి, దొరికిన గడ్డిదుబ్బును రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

ముందుకు పోలేడు, వెనక్కి పోలేడు. ఊపిరి గట్టిగా పీలిస్తే కొండ కదులుతుందేమోనని అది కూడా కొంచెం కొంచెంగా పీలుస్తున్నాడు. అఖాతం అవతల పారీ గొర్రెలు బల్లపరుపు నేల మీద నింపాదిగా మేస్తున్నాయి. మనిషి జన్మ ఎత్తి ఏం సుఖం అనిపించింది.

పావుగంటకి వెనక అడుగుల చప్పుడైంది. చాపెల్ పాస్టరుగారు. ఆయన దారి ముక్క పక్కదే. ఎవరైనా మామూలు మనిషయితే, కొండ అంచున బోర్లా పడున్న వాణ్ణి చూసి ఏమైందని పరుగెత్తుకొచ్చేవాడు. కానీ పూల సంఘం మర్యాదలు వేరు. ఒక సభ్యుడు కొండ అంచున నేలకు ముక్కు ఆనించి పడుకుని ఉన్నాడంటే అర్థం ఒక్కటే, చాలా అరుదైనదేదో దొరికింది. ఏమిటని అడగకూడదు. దాటుకుని పోకూడదు. వెనకాల నెమ్మదిగా పడుకుని వంతు కోసం ఆగాలి. పాస్టరుగారు టోపీ తీసి, ఇద్వల్ బూట్ల వెనక భక్తిగా బోర్లా పడుకున్నాడు.

"పాస్టరుగారూ," అన్నాడు ఇద్వల్ పళ్ళ మధ్యనుంచి, "కదలకండి."

"అయ్యో, కదలను నాయనా. నువ్వు తీరిగ్గా చూసుకో."

"ఎవర్నైనా... పిలుస్తారా?"

"పిలిచాను. మనవాళ్ళందరికీ ఇప్పుడే ఫోన్లో చెప్పాను. ఇలాంటిది ఒక్కడివే ఉంచుకోకుండా పిలవమన్నావు చూడు, అదీ పెద్దమనసు."

పోయిన ప్రాణాల్లో మిగిలినవి కూడా అప్పుడు పోయాయి ఇద్వల్‌కి. నాకు భయంగా ఉంది, నన్ను ఇక్కణ్ణుంచి లాగండి అని అనేస్తే పని అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే మామగారి మొహం కూడా వచ్చింది. మాట వెనక్కి పోయింది. తొమ్మిదింటికల్లా పాస్టరుగారి వెనక ముగ్గురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు భూతద్దాలు తీసుకుని వరసగా పడుకున్నారు.

సరిగ్గా అప్పుడు ఎదుటి వైపు నుంచి, అంటే లైట్‌హౌస్ వైపు నుంచి, రోన్వెన్ టీచరు వచ్చింది. పదింటికి ఊరివైపు గేటు దగ్గర కలుద్దామన్న మనిషి తొమ్మిదింటికి అవతలి నుంచి ఎందుకొస్తోందో ఇద్వల్‌కి అర్థం కాలేదు. ఆవిడ మలుపు తిరిగింది. ఆయన్ని చూసింది. మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుంది. తర్వాత పొడవుగా బోర్లా పడుకుంది. ఇద్దరి ముక్కుల మధ్య జానెడు దూరం. ఆవిడ చంకలో రికార్డు పుస్తకం ఉంది.

"గుడ్ మార్నింగ్ టీచర్," అన్నాడు ఇద్వల్, రెండో తరగతి పిల్లాడిలా.

"మాట్లాడకండి," అందావిడ, పెదాలు కదపకుండా.

ఆవిడ కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. నా అబద్ధం మొహం మీదే చదివేస్తోంది అనుకున్నాడు ఇద్వల్. అటు సముద్రం, ఇటు టీచరు. ఈ రెండింటిలో దేనికి ఎక్కువ భయపడాలో తెలియక రెండింటికీ సమానంగా భయపడ్డాడు. ఈలోగా మాంచెస్టర్ నుంచి నడకకొచ్చిన ముగ్గురు కుర్రాళ్ళు టీచరు వెనకాల ఆగారు. ఇంతమంది పెద్దవాళ్ళు పడుకున్నారంటే ఇక్కడి ఆచారం కాబోలనుకుని వాళ్ళూ సంచులు దించి పడుకున్నారు. లెక్క పదకొండు.

దొరికినవాడు లేచేదాకా ఎవరూ లేవకూడదు. దొరికినవాడేమో ఈ జన్మలో లేచేలా లేడు. వరస వెనకభాగంలో గుసగుసలు మొదలయ్యాయి. చుక్కల రాతిపువ్వు ఒకటి కాదు, మూడని ఒకావిడ అంది. మూడయితే టీచరు గంటసేపు చూస్తుందా, ఇంతవరకూ ఈ దీవిలో ఎవరూ చూడనిదేదో అయుంటుందని ఇంకొకాయన అన్నాడు. పాస్టరుగారు మెల్లగా ఒక కీర్తన అందుకున్నాడు. అది మామూలుగా ఆయన సమాధుల దగ్గర పాడేది.

పదకొండు కావస్తుండగా పారీ గొర్రెల్ని చూసుకోవడానికి పొలంలోకి వచ్చాడు. అలవాటు కొద్దీ అవతలి కొండ వైపు చూశాడు. దారి పొడుగునా పదకొండుమంది బోర్లా పడి ఉన్నారు. ఎవరూ కదలటం లేదు. గాలిలో సమాధి కీర్తన వినిపిస్తోంది. పారీ టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, తీరరక్షక దళానికి ఫోన్ చేశాడు. తర్వాత ఎనిడ్‌కి చేశాడు.

"ఎనిడ్, మీ ఆయన ఇంట్లో ఉన్నాడా?"

"లేడు. పీఠం రాయి దగ్గరికెళ్ళాడు."

పారీ మళ్ళీ టోపీ తీశాడు. "అయితే ఒకసారి పొలానికి రా తల్లీ," అన్నాడు. "ఫ్లాస్కులో టీ కూడా తెచ్చుకో. ఇద్వల్ పడుకున్నాడు. మిగతావాళ్ళు కూడా పడుకున్నారు."

హెలికాప్టర్ మొదట చప్పుడుగా వచ్చింది, తర్వాత గాలిగా వచ్చింది. గోర్స్ పొదలు నేలకు ఒరిగాయి. పాస్టరుగారి టోపీ సముద్రంలోకి పోయింది. ఇద్వల్ కింద కొండ నిజంగానే కదిలినట్టయింది. ఇక అయిపోయింది, ఇలాగే, ఒక అబద్ధం ఆడి, గడ్డి పట్టుకుని చస్తున్నాను అనుకున్నాడు. ఎనిడ్‌కి నిజం చెప్పకుండా పోతున్నందుకు ఏడుపొచ్చింది. సరిగ్గా ఆ మోతలో, జానెడు దూరంలో, రోన్వెన్ టీచరు ఆయన చెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్ళు మంచులా ఉన్నాయి.

"ఇద్వల్," అని ఆయన చెవిలో అరిచింది, "నాకు భయంగా ఉంది."

"ఆఁ?"

"భయం. ఎత్తంటే భయం. తొమ్మిదేళ్ళుగా ఈ దారి తొక్కలేదు. పదింటికి మీ ముందు పరువు పోకుండా ముందే ఒకసారి ఒక్కదాన్నీ నడిచి చూద్దామని వచ్చాను. మిమ్మల్ని చూడగానే కాళ్ళు పోయాయి. మీరు నిబ్బరంగా పువ్వు చూస్తుంటే లేవమని చెప్పలేకపోయాను."

ఇద్వల్ ఆవిడ మొహంలోకి మొదటిసారి సరిగ్గా చూశాడు. పొద్దుటినుంచీ ఆవిడ చదువుతున్నది తన అబద్ధాన్ని కాదు, కింద సముద్రం కనబడకుండా ఉండేందుకు ఇద్వల్ ముక్కు మీదే చూపు నిలిపి ఉంచింది.

"నేను పువ్వేం చూడట్లేదు టీచర్," అని అరిచాడాయన. "నేను పడిపోయాను. ఎనిమిదింటికి."

టీచరు నోరు తెరిచింది. ఏం అనేదో గాని, అంతలో ఎర్ర టోపీ మనిషొకడు తాడు మీద దిగి ఇద్దరి మధ్యా కాలు పెట్టాడు.

"దెబ్బలెవరికి తగిలాయి?"

"ఎవరికీ లేదండీ," అన్నాడు పాస్టరుగారు వెనకనుంచి. "పువ్వు చూస్తున్నాం."

"పదకొండుమందా?"

"ఒకరి తర్వాత ఒకరు."

ఎర్ర టోపీ వాడు వరసంతా ఒకసారి చూసి, అందరికంటే పాలిపోయిన మొహం ఇద్వల్‌దని తేల్చి, నడుముకి పట్టీ బిగించాడు. ఎత్తంటే భయపడి నేలను కరుచుకున్న మనిషిని కాపాడే పద్ధతి ఆయన్ని ఇంకా ఎత్తుకు లేపడమని ఇద్వల్‌కి అప్పుడే తెలిసింది. కాళ్ళు నేలను వదిలాయి. బతికి బయటపడితే ఎనిడ్‌కి అంతా చెప్పేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన ఎంత గట్టిగా అరిచాడంటే పారీ గొర్రెలన్నీ ఒక మూలకు చేరాయి. రికార్డు పుస్తకం తన దగ్గరుంది కాబట్టి నియమం ప్రకారం తాను కూడా ఆయనతోనే ఉండాలని రోన్వెన్ టీచరు పట్టుబట్టింది. అలాంటి నియమం సంఘంలో లేదు. ఆవిణ్ణి కూడా కళ్ళు మూయించి లేపారు.

ఇద్దర్నీ పారీ పొలంలో దించి, నాడి చూసి, బాగానే ఉన్నారని హెలికాప్టర్ వెళ్ళిపోయింది. ఇద్వల్ గడ్డి మీద వెల్లకిలా పడుకుని నేలను అరచేతులతో తడుముకుంటున్నాడు. ఎనిడ్ ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చింది. మిగతా తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది దారంట నడిచి, అఖాతం చుట్టూ తిరిగి వచ్చేసరికి పన్నెండు దాటి పది నిమిషాలైంది. మాంచెస్టర్ కుర్రాడొకడు సంచి కోసం వెనకబడ్డాడు.

పాస్టరుగారి మొహం వాడిపోయి ఉంది. "చూశాం," అన్నాడు. "ఇద్వల్ పడుకున్న చోటే, సరిగ్గా ఛాతీ కింద. చిన్న మొక్క. ఆకులు అవే, సందేహం లేదు. కానీ రేకులు లేవు. మొక్క నలిగిపోయి ఉంది."

అందరూ ఇద్వల్ వైపు చూశారు. ఆ చూపుల్లో అరుదైన మొక్కను తొక్కినవాడి గతి ఏమిటో స్పష్టంగా ఉంది. ఎనిడ్ వంగి, తను అల్లిన స్వెట్టర్ మీంచి ఏదో మెల్లగా ఊడదీసింది. పసుపుపచ్చ రేకు, మొదట్లో గోధుమరంగు చుక్క. రెండో బొత్తాం దగ్గర ఇంకొకటి. పువ్వు నిజమేనని సాక్ష్యం చెప్పేది, దాన్ని ఎవరు నలిపారో సాక్ష్యం చెప్పేది ఒక్కటే అయింది.

"మరి కిందటేడు ఇది రెండడుగుల దూరం నుంచి చూశాడన్నారు," అన్నాడు పారీ, కంచె కర్ర మీద చేతులు పెట్టుకుని. "నేనెరిగినంతలో వీడెప్పుడూ ఇక్కడ..."

"పారీ," అంది రోన్వెన్ టీచరు. పారీ కూడా ఆవిడ బళ్ళోనే చదివాడు. నోరు మూసుకున్నాడు.

ఆవిడ గడియారం చూసుకుంది. మొహానికి రంగు ఇంకా తిరిగి రాలేదు గాని గొంతు వచ్చేసింది. "చుక్కల రాతిపువ్వు పన్నెండింటికి రేకులు రాలుస్తుంది. ఇప్పుడు పన్నెండు దాటింది. రాల్చింది. ఇందులో వింతేముంది?"

"మొక్క నలిగింది కదా టీచర్," అన్నాడు పాస్టరుగారు.

"నలిగితే లేస్తుంది. మనమంతా లేవలేదూ?" అని ఆవిడ రికార్డు పుస్తకం తెరిచింది.

జనం సర్దుకుంటుండగా ఇద్వల్ లేచి కూర్చున్నాడు. ఇందాక గాల్లో వేలాడినప్పుడు పెట్టుకున్న ఒట్టు గుర్తొచ్చింది. "ఎనిడ్," అన్నాడు, "నేనొకటి చెప్పాలి. మీ నాన్న దారి నేనెప్పుడూ నడవలేదు. నాకు భయం. ఆరేళ్ళూ ఈ కంచె దగ్గర నుంచే చూశాను. మీ నాన్నకి మాటిచ్చి మోసం చేశాను."

"తెలుసు," అంది ఎనిడ్, ఫ్లాస్కు మూత తుడుస్తూ.

"ఎప్పట్నుంచి?"

"మొదటేడు నుంచీ. ఇంటికొచ్చాక నీ బూట్లకి గొర్రె పెంట ఉండేది. ఆ కొండదారిలో గొర్రెలెక్కడివి?"

"మరి ఒక్కసారి కూడా అడగలేదేం?"

ఎనిడ్ కంచె దగ్గరికి వెళ్ళి, పై కర్రలో ఉన్న నున్నటి పల్లాన్ని వేలితో రాసింది. "మా అమ్మ కూడా అడగలేదు," అంది. "ముప్పై ఏళ్ళు నాన్న బూట్లు ఆవిడ కడిగింది."

ఇద్వల్ వెళ్ళి ఆ పల్లంలో మోచేతులు పెట్టాడు. ఆరేళ్ళుగా అవి అందులో సరిగ్గా ఎందుకు ఇమిడిపోతున్నాయో ఇప్పుడు అర్థమైంది. భూతద్దం జేబులోనే ఉంది. అది ఎందుకంత గీత పడకుండా కొత్తగా ఉందో కూడా అర్థమైంది. ఆయనకి నవ్వొచ్చింది, కాసేపటికి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. పక్కకి జరుగు అన్నట్టు ఎవరో భుజం తట్టారు. రోన్వెన్ టీచరు.

"వచ్చే ఏడు ఇక్కడ నాక్కూడా చోటుంటుందా?" అందావిడ నెమ్మదిగా.

"ఒక బెంచీ వేయిస్తాలెండి," అన్నాడు పారీ, గొర్రెల్ని మూలలోంచి తోలుకొస్తూ.

ఆ ఏటి రికార్డు పుస్తకం ఇప్పటికీ ఉంది. పీఠం రాయి పేజీలో, చుక్కల రాతిపువ్వు, ఒకటి, చూసినవారు ఇద్వల్ బస్సు అని టీచరు గుండ్రటి అక్షరాలతో రాసి ఉంటుంది. ఎంత దూరం నుంచి చూశారు అన్న గడిలో మాత్రం, సంఘం చరిత్రలో మొదటిసారిగా, సున్నా అడుగులు అని ఉంటుంది.